వార్‌బర్గ్ నోబెల్ ఏ పద్దుది?

చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆకలితో చస్తుందనీ, అది కనిపెట్టినందుకే ఓటో వార్‌బర్గ్‌కి నోబెల్ ఇచ్చారనీ చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు. 1931లో నోబెల్ వచ్చింది కణాల శ్వాసక్రియ ఎంజైమ్ మీద పరిశోధనకి, క్యాన్సర్‌కి కాదు. ఒక పద్దు సొమ్ముని ఇంకో పద్దులో రాస్తే ఏ ఆడిటరూ ఒప్పుకోడు.

1920లలో బెర్లిన్‌లో ఆయన చూసింది నిజమే. ఆక్సిజన్ ఉన్నా కణితి కణాలు గ్లూకోజుని పులియబెట్టి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. దాన్నిబట్టి, శ్వాసక్రియ చెడిపోవడమే క్యాన్సర్‌కి మూలమని తేల్చేశారు. 1956లో సిడ్నీ వైన్‌హౌస్ గట్టిగా ఖండించినా, 1970లో పోయేదాకా వార్‌బర్గ్ మెట్టు దిగలేదు.

మెదడు కణితి సంగతే చూడండి. గ్లయోబ్లాస్టోమా రోగులకి ఆపరేషన్ సమయంలో కార్బన్-13 గుర్తున్న గ్లూకోజు ఎక్కించి చూస్తే, కణితి దాన్ని మైటోకాండ్రియాలో మండిస్తోందని కూడా 2012లో తేలింది. అంటే శ్వాసక్రియ నడుస్తూనే ఉంది. పులియబెట్టే దారిలో దొరికే ముడిసరుకుతో కొత్త కణాలు కట్టుకుంటుంది, అంతే.

పోనీ తీపి మానేస్తే? కాలేయమే గ్లూకోజు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది, మెదడుకి అది కావాలి కనక. పథ్యాన్ని నమ్ముకుని చికిత్స మానేసేవాళ్ళు ఒక లెక్క చూడాలి. 2005లో వెలువడిన ట్రయల్‌లో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో రెండేళ్ళు బతికినవారు 10.4 శాతం. టెమొజోలమైడ్ మందు కూడా కలిపితే 26.5.