సినిమా చేసే మొదటి సలాం

తెర మీద పేర్లు పడుతుంటే మన ఇళ్లల్లో "ఇంకా మొదలవ్వలేదులే" అంటూ ఎవరో ఒకరు చాయ్ పెట్టడానికి లేస్తారు. నిజానికి సినిమా అప్పటికే మొదలైపోయింది. మనల్ని నవ్విస్తుందా, ఏడిపిస్తుందా, భయపెడుతుందా అన్న ఫైసలా ఆ రెండు మూడు నిమిషాల్లోనే జరిగిపోతుంది. మనిషి మిజాజ్ సలాం చేసే తీరులో తెలిసిపోతుందని మన పెద్దలంటారు కదా. సినిమా మిజాజ్ టైటిల్స్‌లో తెలిసిపోతుంది. ఆ టైటిల్స్ తారీఖ్‌లో మన గోదావరి వాళ్ల హునర్ ఉంది, ఉర్దూ కాతిబ్‌ల హునర్ కూడా ఉంది. రెండూ పక్కపక్కనే నడిచాయి. ఇంచుమించు ఒకే జమానాలో మాయమయ్యాయి కూడా.

హమ్ద్ నుంచి ఖిస్సా దాకా

నేను బడి చదువు ఉర్దూ మీడియంలో, డిగ్రీ తెలుగులో చదివాను. రెండు చోట్లా ఒకే పాఠం రెండు పేర్లతో విన్నాను.

ఉర్దూ ఉస్తాద్ మస్నవీ గురించి చెప్పేవారు. షాయర్ ఏకాఎకీ ఖిస్సా మొదలుపెట్టడు. ముందు హమ్ద్, అంటే అల్లాహ్ తారీఫ్. తర్వాత నాత్, రసూల్ (స) తారీఫ్. ఆ తర్వాత బుజుర్గుల మన్ఖబత్, తనను పోషించే బాద్షా మీద నాలుగు మంచి మాటలు. ఆపైన 'సబబె తాలీఫ్', ఈ కితాబ్ ఎందుకు రాస్తున్నానో చెప్పుకోవడం. అప్పుడుగానీ షహజాదా పుట్టడు.

డిగ్రీలో తెలుగు మేష్టారు ప్రబంధం చెబుతూ 'అవతారిక' అన్నారు. ముందు ఇష్టదేవతా స్తుతి, తర్వాత పూర్వకవి స్తుతి, కుకవి నింద, కృతి పుచ్చుకునే ప్రభువు వంశవర్ణన, షష్ఠ్యంతాలు. ఆ తర్వాతే కథ. నాకు భలే సంబరమేసింది. జబాన్ వేరు, దస్తూర్ ఒకటే!

మన పాత సినిమాల టైటిల్స్ ఆ దస్తూర్‌నే పట్టుకున్నాయి. మొట్టమొదట సెన్సార్ సర్టిఫికెట్, అది సర్కారు ఇచ్చే ఇజాజత్‌నామా. తర్వాత సంస్థ చిహ్నం, అది హమ్ద్ జాగాలో వస్తుంది. 'సమర్పించు' అన్న మాట దగ్గర కృతిభర్త కనిపిస్తాడు. తర్వాత నటీనటులు, పనివాళ్లు. అందరికంటే ఆఖర్న, అదబ్‌గా, దర్శకుడు.

సంస్థల చిహ్నాలు చూడండి. విజయా వారి జెండా మీద ఆంజనేయుడు రెపరెపలాడతాడు. జెమినీ వారి కవల పిల్లలు బూరలు ఊదుతారు. రాజ్‌కపూర్ సినిమా ముందు వాళ్ల నాన్న పృథ్వీరాజ్ శివపూజ చేస్తూ కనిపిస్తారు. మెహబూబ్ ఖాన్ సినిమాకి సుత్తీ కొడవలి గుర్తు, దాని వెనకే ఖుదా మర్జీ గురించి ఒక షేర్ వినిపిస్తుంది. ఎవరి నియ్యత్ వాళ్లు కథకు ముందే చెప్పేసుకున్నారు. హాల్లో కూర్చున్న హిందూ, ముసల్మాన్ అందరూ అన్నిటినీ చూశారు. ఎవరికీ తక్లీఫ్ కలగలేదు.

ఒకే తెర, మూడు లిపులు

తెలుగు టాకీ పుట్టింది ఉర్దూ టాకీ పక్కింట్లోనే. అర్దేషిర్ ఇరానీ 'ఆలం ఆరా' 1931 మార్చి 14న వచ్చింది. ఆయన దగ్గర పనిచేసిన హెచ్.ఎం.రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న వచ్చింది. రెండూ బొంబాయిలో తయారైనవే. నాలుగేళ్లకే, 1936లో రాజమండ్రిలోనే దుర్గా సినీటోన్ స్టూడియో వెలిసింది. గోదావరి వాళ్లకు సినిమా పిచ్చి ఈనాటిది కాదు.

హిందీ సినిమాల్లో పనివాళ్ల పేర్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే పడేవి. సినిమా పేరు మాత్రం మూడు లిపుల్లో పడేది: రోమన్, నాగరీ, ఉర్దూ. 1980లలో దూర్‌దర్శన్‌లో ఆదివారం సాయంత్రం హిందీ సినిమా వచ్చేది. మా రామచంద్రపురంలో టీవీ ఉన్న ఇళ్లు తక్కువ, కాబట్టి ఉన్న ఇంట్లో వీధి వీధంతా కూర్చునేది. మా నానీకి తెలుగు అక్షరం రాదు, ఇంగ్లిష్ అసలే రాదు. ఖురాన్ చదివిన నజర్‌తో ఉర్దూ కూడబలుక్కునేది. తెర మీద నస్తాలిఖ్‌లో పేరు పడగానే మా అందరికంటే ముందు పైకి చదివేసేది. వారం మొత్తంలో, బయటి దునియా ఆమెకు అర్థమయ్యే లిపిలో పలకరించింది ఆ ఒక్క క్షణమే. తెలుగు సినిమాకి మాత్రం ఆమె నా వైపు తిరిగి, "ఏం రాశారు బేటా?" అని అడిగేది. పేర్లు పైకి చదివే అలవాటు నాకు అలా పట్టుకుంది.

అలా చదువుతూ పోతే మాటల్లో కూడా మజా కనిపించింది. కెమెరా పనిని తెలుగు టైటిల్స్ 'ఛాయాగ్రహణం' అన్నాయి, ఉర్దూ వాళ్లు 'అక్కాసీ' అన్నారు. ఛాయ అన్నా అక్స్ అన్నా నీడే. రెండు జబాన్లూ నీడను పట్టుకోవడమనే అనుకున్నాయి. ఎడిటింగ్ తెలుగులో 'కూర్పు', ఉర్దూలో 'తద్వీన్'. దర్శకుడు మనకు చూపించేవాడు, ఉర్దూలో 'హిదాయత్‌కార్', అంటే దారి చూపేవాడు.

కాతిబ్, ఆర్టిస్ట్

ఆ అక్షరాలు చేత్తో రాసినవే. నల్ల అట్ట మీద తెల్ల రంగుతో రాసి, కెమెరా కింద పెట్టి ఒక్కో కార్డూ ఫిల్మ్ మీదికి ఎక్కించేవారు. తర్వాత ల్యాబ్‌లో ఆప్టికల్ ప్రింటర్ మీద ఆ అక్షరాలను దృశ్యం మీద కలిపేవారు. ఒక్క ఒత్తు తప్పు పడితే కార్డు మళ్లీ రాయాలి. అందుకే అక్షరం రాసేవాడికి కథ కూడా తెలియాలి. భయపెట్టే సినిమాకు వణికే గీత, పౌరాణికానికి బరువైన గీత, హాస్యానికి తుళ్లిపడే గీత. కథ మిజాజ్ అక్షరాల వంపులోకి రావాలి.

తెలుగులో ఆ హునర్‌కు పెద్ద పేర్లు రెండూ గోదావరి గట్టువే. నరసాపురంలో పుట్టిన బాపు చేతిరాత తర్వాత కంప్యూటర్ ఫాంట్‌గా కూడా మారింది. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లిన ఈశ్వర్ 1967లో బాపు తొలి సినిమా 'సాక్షి'తో పబ్లిసిటీ పనిలోకి దిగారు. తర్వాత ఆ హునర్ తారీఖ్‌ను 'సినిమా పోస్టర్' అనే పుస్తకంగా రాశారు. గోడ మీద పోస్టర్, చేతిలో పాటల పుస్తకం, తెర మీద టైటిల్ మూడింటిలోనూ ఒకే అక్షరం కనిపించేది. చదువు రానివాడు కూడా ఆ ఆకారాన్ని చూసి సినిమాను గుర్తుపట్టేవాడు. ఇంకో మాట. దాశరథి 'గాలిబ్ గీతాలు' 1961లో వచ్చినప్పుడు దానికి బొమ్మలు వేసింది కూడా బాపూయే. మిర్జా గాలిబ్ తెలుగు ఇళ్లలోకి నరసాపురం కుంచె పట్టుకుని వచ్చాడన్నమాట.

అదే మద్రాసులో, ట్రిప్లికేన్‌లో, 'ది ముసల్మాన్' అనే ఉర్దూ దినపత్రికను 1927 నుంచి కాతిబ్‌లు చేత్తో రాస్తూ వచ్చారు. ఒకే షహర్‌లో తెలుగు సినిమా అక్షరం, ఉర్దూ అఖ్బార్ అక్షరం, రెండూ కుంచె, కలం మీదే బతికాయి.

పేర్ల వెనక కథ

పేర్ల జాబితాను కథగా మార్చింది ఎవరు అంటే అమెరికాలో సాల్ బాస్ పేరు చెబుతారు. అక్కడ కూడా హాలు వాళ్లు పేర్లు పడుతున్నంతసేపూ పరదా మూసి ఉంచేవారట. 1955లో 'ది మ్యాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్' రీళ్ల డబ్బాల మీద, టైటిల్స్ కంటే ముందే పరదా తీయండి అని చీటీ అంటించి పంపారు. ఆ కథ మత్తుమందుకు బానిసైన మనిషిది. టైటిల్స్‌లో తెల్లని గీతలు వచ్చి వచ్చి చివరికి వంకర తిరిగిన చెయ్యిగా మారతాయి. కథంతా ఆ చేతిలో ఉంది.

మన దగ్గర ఆ పని అంతకంటే గాఢంగా చేసినవాళ్లున్నారు. 'మదర్ ఇండియా' (1957) మొదట్లోనే ముసలి రాధ మట్టిపెళ్లను ముఖానికి దగ్గరగా తీసుకుంటుంది. వెనక ట్రాక్టర్లు, డ్యామ్ పనులు. కాలువ ప్రారంభానికి ఆమెను పిలుస్తారు, అక్కడ్నుంచి కథ మాజీలోకి వెళ్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లతో అన్నం తినే మనకు ఆ మొదలు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. కాలువలో నీళ్లు రావడమంటే ఏమిటో తెలిసిన మనుషులం.

'మొఘలె ఆజమ్' (1960)లో హిందుస్తాన్ నక్షాయే లేచి నిలబడి తన గురించి తాను చెప్పుకుంటుంది. సత్యజిత్ రాయ్ 'షత్రంజ్ కే ఖిలాడీ' (1977)లో చదరంగం బల్ల, పావులు కదిపే రెండు చేతులు కనిపిస్తాయి. వాటి మీదే పేర్లు పడతాయి. అవధ్ రాజ్యం పోతుంటే నవాబులు ఏం చేస్తున్నారో ఒక్క మాట లేకుండా తెలిసిపోతుంది.

నా మనసులోంచి పోనిది మాత్రం ఎం.ఎస్.సత్యు 'గరమ్ హవా' (1973). టైటిల్స్ అన్నీ కదలని ఫొటోలు. దేశం నక్షా, నాయకులు, కట్టుబట్టలతో వెళ్తున్న జనం, ఆ తర్వాత తుపాకీ పేలుళ్లు, గాంధీజీ. పైన కైఫీ ఆజ్మీ కవిత్వం. ఫొటోలు ఆగగానే రైల్వే స్టేషన్, వెళ్లిపోతున్న బండికి చెయ్యి ఊపుతున్న సలీమ్ మిర్జా. ఆయన అక్కగారిని పాకిస్తాన్ పంపిస్తున్నాడు, తను ఉండిపోతున్నాడు. టైటిల్స్ చూసినవాడు ఆయన్ని 'వీడెందుకు ఉండిపోయాడు?' అని అడగడు. ఏం పోగొట్టుకుని ఉండిపోయాడో చూస్తాడు.

ఇదే తాకత్‌ను ఇంకోలా వాడిన సినిమాలూ మనం చూశాం. మొదటి నిమిషంలో మినార్, అజాన్, పచ్చ వెలుగు, వెంటనే బాంబు. కథలో తర్వాత ఎన్ని మంచి డైలాగులు పెట్టినా, ఆ మొదటి నిమిషం హాల్లో కూర్చున్న పక్కవాడి మనసులో పని కానిచ్చేస్తుంది. మన పిల్లవాడు కుర్చీలో కాస్త కిందికి జారి కూర్చుంటాడు. టైటిల్స్ మాహోల్ కడతాయని ఒప్పుకుంటే, ఆ మాహోల్ జిమ్మేదారీ కూడా ఒప్పుకోవాలి.

గవాహీ

టైటిల్స్‌కు ఇంకో పని కూడా ఉంది, అది గవాహీ. ఈ సినిమా ఎవరి చేతుల మీద తయారైందో అవి సాక్ష్యం చెబుతాయి. 1963లో వచ్చిన 'నర్తనశాల' పాండవుల అజ్ఞాతవాసం కథ. ఎస్.వి.రంగారావు కీచకుణ్ణి, సావిత్రి సైరంధ్రిని మన ముందుకు తెచ్చిన ఆ కెమెరా ఎం.ఎ.రెహమాన్‌ది. 1957లో అంజలీదేవి 'సువర్ణసుందరి'కి కూడా ఆయనే. తెలుగువాళ్ల కళ్లలో నిలిచిపోయిన పౌరాణికానికి నీడను పట్టింది ఒక ముసల్మాన్.

1962 నాటి 'గులేబకావళి కథ' టైటిల్స్‌లో పాటల దగ్గర సి.నారాయణరెడ్డి పేరు పడింది. సినిమాలో ఆయన పాటలకు అదే ఆగాజ్. సినారె చదువు ఉర్దూ మీడియంలో సాగింది, పేరు తెలుగులో వచ్చింది. ఆ బకావళి ఖిస్సాను ఉర్దూలో 'గుల్జారె నసీమ్' మస్నవీగా రాసిందేమో పండిత్ దయాశంకర్ నసీమ్. హిందువు రాసిన ఉర్దూ మస్నవీ, ఉర్దూలో చదివిన తెలుగు కవి పాటలు. ఎవరి విరాసత్ ఎవరిదో గీత గీసి చెప్పేవాళ్లు ఈ ఒక్క కార్డు చదివితే చాలు.

ఇప్పుడు

కంప్యూటర్ వచ్చింది. ఇన్‌పేజ్ వచ్చి కాతిబ్ కలాన్ని, ఫాంట్లూ ఫ్లెక్సీలూ వచ్చి ఆర్టిస్ట్ కుంచెను పక్కన పెట్టించాయి. హిందీ సినిమా పేరులోంచి ఉర్దూ లిపి కొద్దికొద్దిగా జారిపోయింది. పనివాళ్ల పేర్లు చాలావరకు ఆఖరికి వెళ్లాయి. అప్పటికి హాల్లో లైట్లు వెలిగి, జనం చెప్పులు వెతుక్కుంటుంటారు. 2017 నుంచి నెట్‌ఫ్లిక్స్ 'స్కిప్ ఇంట్రో' అని బటన్ కూడా ఇచ్చింది.

హునర్ మాత్రం పూర్తిగా పోలేదు. 'బాహుబలి' రెండో భాగం (2017) టైటిల్స్‌లో మొదటి భాగం ఘట్టాలన్నీ శిల్పాలుగా నిలబడి ఉంటాయి. పాత కథ గుర్తుచేయడానికి ఒక్క డైలాగ్ అక్కర్లేకపోయింది. 'ఆర్ఆర్ఆర్' (2022) పేరు సినిమా మొదలై అరగంట దాటాకగానీ పడదు. వంతెన కింద ఇద్దరు చేతులు కలిపినప్పుడు పడుతుంది. వాళ్లలో ఒకడు భీమ్, ఢిల్లీలో ముసల్మాన్ ఇంట్లో అఖ్తర్ పేరుతో తలదాచుకున్నవాడు. ఆ వెంటనే వచ్చే పాట పేరు 'దోస్తీ'. తెలుగు సినిమా తన కథకు తాళం చెవిగా ఉర్దూ మాటను ఎంచుకుంది.

మా నానీ ఇప్పుడు లేదు. మా ఇంట్లో పిల్లలకు తెలుగు, ఇంగ్లిష్ వచ్చు, ఉర్దూ లిపి అంతంతమాత్రం. వాళ్లను తిట్టి లాభం లేదు, వాళ్ల కళ్ల ముందు ఆ లిపి ఎక్కడా పడటం లేదు. ఇంట్లో మనం చేయగలిగింది చిన్న పనే. పాత సినిమా పెట్టినప్పుడు రిమోట్ కాసేపు పక్కన పెట్టండి. 'నర్తనశాల' యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఛాయాగ్రహణం అన్న చోట ఆపి, అక్కడున్న పేరు పిల్లలతో పైకి చదివించండి. తర్వాత అదే పేరు ఉర్దూలో ఎలా రాస్తారో ఒక కాగితం మీద రాసి చూపించండి.