తండాలు, గూడేల్లో కౌమార గర్భధారణ

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల లంబాడా తండాల్లో, కోయగూడేల్లో పద్దెనిమిదేళ్లలోపు గర్భధారణ చాలావరకు బాల్యవివాహం వెంట వచ్చేదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20–24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. పదో తరగతి తర్వాత కాలేజీ దూరమై చదువు ఆగుతుంది. తల్లిదండ్రులు మిరపకాయలు ఏరే కూలికి వలసపోతే, ఇంట మిగిలిన ఆడపిల్లకు ఏమవుతుందోనన్న భయం పెళ్లిని తొందరపెడుతుంది. లంబాడాల్లో ఒకప్పుడు వరుడి వైపువారే ఓలి ఇచ్చేవారు. ఇప్పుడు కట్నం చొరబడింది, పిల్ల వయసుతోపాటు అదీ పెరుగుతుందన్న బెంగ. కనుక నెపమంతా ఆచారంపై వేయడం అన్యాయం. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వమిచ్చే, 2014లో మొదలైన కల్యాణలక్ష్మి సాయానికి వధువుకు 18 ఏళ్లు నిండాలి. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 పోక్సో చట్టం కింద కేసవుతుందని కొన్ని కుటుంబాలు గర్భాన్ని దాస్తాయి. దాంతో రక్తహీనత, గుర్రపువాతం ముప్పు ఎక్కువగా ఉన్న ఆ పిల్లకే తొలినెలల పరీక్షలు అందవు.