నాటు మార్పు చేప: గుర్తించే విధానం, పట్టే పద్ధతులు

వరి మడులు, కుంటలు, పంట కాలువల అడుగు బురదలో బతికే చేపల్లో మార్పు ముఖ్యమైనది. దీన్ని మాగుర్ అని కూడా అంటారు. బతికున్న చేపకు సంతలో మంచి గిరాకీ ఉంటుంది. అయితే దీన్ని పోలిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకాన్ని మన దేశంలో 2000లో నిషేధించారు. తేడా తెలియక ఆ పిల్లను కుంటలో వేసుకుంటే, తనిఖీలో బయటపడిన రోజున పంట మొత్తం పూడ్చిపెట్టాల్సి వస్తుంది. అందుకే పట్టే ముందు, పిల్ల కొనే ముందు గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

మార్పు చేప గుర్తులు

- ఒంటి మీద పొలుసు ఉండదు. చర్మం నున్నగా, జిగురుగా ఉంటుంది.
- తల బల్లపరుపుగా ఉంటుంది. నోటి చుట్టూ నాలుగు జతల మీసాలు ఉంటాయి.
- వీపు రెక్క తల వెనుక మొదలై దాదాపు తోక వరకు సాగుతుంది. తోక రెక్క గుండ్రంగా ఉంటుంది.
- సాధారణంగా 100 నుంచి 250 గ్రాముల చేపలు దొరుకుతాయి.

ఇంగిలాయికి వీపు రెక్క చాలా చిన్నది, ఒళ్లు సన్నం. జెల్లకు తోక రెండుగా చీలి ఉంటుంది. కాబట్టి వీపు రెక్క, తోక చూస్తే ఈ మూడింటినీ వేరుచేయవచ్చు.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌తో తేడా

చేపను పైనుంచి చూడండి. తల ఎముక వెనుక అంచు నాటు మార్పులో ఒకే మొనలా ముగుస్తుంది. ఆఫ్రికన్ చేపలో అది వెడల్పుగా, వంపులు వంపులుగా ఉంటుంది. ఒంటి మీద మరకల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. కిలో, రెండు కిలోలు తూగితే అది నాటు మార్పు కాదు.

చిన్న పిల్లల్లో ఈ తేడా తెలియదు. నాటు మార్పు ఏడాదిలోపు 100 నుంచి 150 గ్రాములకు చేరితే మంచి పెరుగుదలే. నాలుగైదు నెలల్లో కిలో అవుతుందని ఎవరైనా చెబితే ఆ పిల్లను కొనకండి. గుర్తింపు ఉన్న హేచరీలోనే కొని, బిల్లు తీసుకోండి.

ఎక్కడ, ఎప్పుడు దొరుకుతుంది

మార్పు పగలు బురదలో, గట్ల బొరియల్లో, నాచు కింద ఉంటుంది. రాత్రి బయటికి వచ్చి పురుగులు, వానపాములు, నత్తలు, కుళ్లిన పదార్థాలు తింటుంది. గాలి పీల్చడానికి మధ్యమధ్య నీటి పైకి వస్తుంది. నిలకడ నీటిలో ఒక్కసారి బుడగలు లేచి ఆగితే అక్కడ చేప ఉందేమో గమనించండి.

కుంటల్లో నీరు తగ్గే వేసవి పట్టడానికి అనువైన కాలం. జూన్ నుంచి ఆగస్టు వరకు గుడ్లు పెట్టే కాలం. అప్పుడు తొలి వానలకు మడుల్లోకి ఎదురెక్కే పొట్ట నిండిన చేపలను పట్టకుండా వదిలేస్తే మరుసటి ఏడు మీ మడుల్లోనే చేప ఉంటుంది.

పట్టే పద్ధతులు

- లాగుడు వల: దీంతో పూర్తిగా దొరకవు. వల వస్తుంటే చేప బురదలోకి దూరుతుంది, వల పైనుంచి పోతుంది.
- నీరు తోడడం: కుంటలో ఒక మూల గుంత తీసి నీరు మెల్లగా తగ్గించండి. చేపలు గుంతలోకి చేరతాయి. బురదలో మిగిలినవాటిని చేతి వలతో తీయండి.
- ఊత: మోకాలి లోతు నీటిలో వాడవచ్చు.
- మావు: సాయంత్రం పెట్టి తెల్లవారుజామున తీయండి. పై భాగం నీటి బయట ఉండాలి. పూర్తిగా మునిగితే గాలి అందక చేప చనిపోతుంది.
- గాలం: వానపామును ఎరగా గుచ్చి, రాత్రి అడుగుకు చేరేలా వేయండి.

కరెంటు, విషం వాడకండి. పిల్ల చేపలు చస్తాయి, మనుషుల ప్రాణానికీ ముప్పు.

ముల్లుతో జాగ్రత్త

ఛాతీ రెక్కల్లో రెండు వైపులా గట్టి ముల్లు ఉంటుంది. తడి గోనె గుడ్డతో, తల వెనుక నుంచి పట్టుకోండి. ముల్లు గుచ్చుకుంటే శుభ్రంగా కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో ఆ భాగాన్ని ఉంచండి. తర్వాత ఆసుపత్రిలో చూపించుకుని టెటనస్ ఇంజెక్షన్ అవసరమేమో అడగండి.

అమ్మకానికి తీసుకెళ్లేటప్పుడు

వెడల్పాటి తొట్టిలో చేప ఒళ్లు తడిసేంత నీరు పోసి, పైన వల కప్పండి. లేకపోతే పాకుతూ బయటికి వస్తాయి. ఎండ తగలకుండా, చర్మం ఆరకుండా చూస్తే చేపలు గంటల తరబడి బతికి ఉంటాయి.

ఆఫ్రికన్ చేప దొరికితే

తిరిగి నీటిలో వదలకండి. వరదకు చెరువుల్లోకి పాకి ఇతర చేపలను, వాటి పిల్లలను తినేస్తుంది. వేరే తొట్టిలో ఉంచి, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ మత్స్య సహాయకుడికి, తెలంగాణలో జిల్లా మత్స్యశాఖ కార్యాలయానికి తెలియజేయండి.