అచ్చు విప్పే అలవాటు: చిన్న ముద్రణాలయాల్లో కంప్యూటరు నిర్వహణ, తెలుగు పాఠాల భద్రత

1990ల నుంచి వెలువడిన తెలుగు పుస్తకాల ప్రచురణ వివరాల పుటలో అంతకుముందు లేని ఒక పంక్తి కనిపిస్తుంది. ముద్రణాలయం పేరుకు పైనో కిందో 'డి.టి.పి.' అని రాసి, ఒక వ్యక్తి పేరో ఒక చిన్న కేంద్రం పేరో వేస్తారు. గ్రంథాలయ సూచికలు సాధారణంగా ఈ పంక్తిని నమోదు చేయవు. పాఠపరిష్కరణకు పూనుకున్నవారు కూడా లేఖకుణ్ణి, ప్రతిని, ముద్రాపకుణ్ణి చర్చించినంతగా ఈ పేరును చర్చించరు. అయితే సుమారు రెండు దశాబ్దాల తెలుగు రచన పాఠకుడికి చేరింది ఈ పేరుగల మనుషుల చేతుల మీదుగానే. ఆ కేంద్రాల్లో యంత్రాలను, ఫాంట్లను, ఫైళ్లను ఎలా నిర్వహించారన్నది పైకి వ్యాపార చరిత్రకు చెందిన విషయంగా కనిపించినా, నిజానికి అది పాఠచరిత్రలో భాగం.

సీసపు అక్షరాల కాలపు చిన్న ముద్రణాలయం పరిమితమైన అక్షర సంపదతో నడిచేది. పుస్తకం మొత్తానికి సరిపడే అక్షరాలు ఏ చిన్న ప్రెస్సులోనూ ఉండేవి కావు. ఎనిమిది పుటలో పదహారు పుటలో ఒక ఫారంగా కూర్చి, ప్రూఫు దిద్ది, అచ్చువేసి, ఆ వెంటనే అచ్చు విప్పి అక్షరాలను తిరిగి కేసుల్లో వేసేవారు. ఆ అక్షరాలతోనే తరువాతి ఫారం తయారయ్యేది. మొదటి ఫారం అచ్చయ్యాక రచయిత మనసు మార్చుకున్నా చేయగలిగింది తప్పొప్పుల పట్టిక జోడించడమే. కాగితం మీదికి ఎక్కిన పాఠమే మిగిలేది, దాన్ని కూర్చిన రూపం మిగిలేది కాదు. ముద్రణాలయం కూర్పును భద్రపరచాలని రచయితలు ఆశించలేదు, యజమానులు బాధ్యతగా తలచలేదు. కంప్యూటరు వచ్చిన తరువాత కూడా ఈ అలవాటు చాలాచోట్ల మారలేదు. చర్చకు ఇదే కీలకం.

1984 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన కొత్త కంప్యూటరు విధానంతో దేశంలో వ్యక్తిగత కంప్యూటర్ల దిగుమతి, తయారీ సులభమయ్యాయి. 1985లో ఆల్డస్ సంస్థ పేజ్‌మేకర్‌ను విడుదల చేసింది. అంతకు ఏడాది ముందే హెచ్.పి. లేజర్‌జెట్ ప్రింటరు మార్కెట్లోకి వచ్చింది. ఈ రెండింటి కలయికతో కూర్పు పని ప్రెస్సు నుంచి విడివడి ఒక గదిలో, ఒక బల్లమీద సాధ్యమయింది. ట్రేసింగ్ కాగితం మీద అద్దంలో బొమ్మలా తిరగేసి తీసిన ప్రతి నుంచి నేరుగా ప్లేటు చేయించి ఆఫ్‌సెట్‌కు పంపే పద్ధతి కుదరడంతో, ముద్రణ యంత్రం లేని ముద్రాపకుడు పుట్టాడు. అతని ఆదాయంలో పుస్తకాల వాటా తక్కువే. శుభలేఖలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు, బిల్లు పుస్తకాలు అద్దె కట్టేవి. కవితా సంపుటి వాటి మధ్య సందు చూసుకుని బయటపడేది.

తెలుగు విషయంలో ఇక్కడ ఒక చిక్కు ఎదురయింది. భారతీయ లిపులకు ఉమ్మడి సంకేత విధానంగా ఇస్కీ 1991లో భారతీయ ప్రమాణంగా స్థిరపడింది. సి-డాక్ సంస్థ జిస్ట్ కార్డు ద్వారా డాస్ యంత్రాల మీద భారతీయ భాషలు కనిపించేలా చేసింది. అదే 1991లో యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అంటే సూత్రరీత్యా మార్గం సిద్ధంగానే ఉంది. కాని పేజ్‌మేకర్‌కు ఇవేవీ తెలియవు. దానికి తెలిసింది ఎనిమిది బిట్ల ఫాంటు మాత్రమే, అంటే మొత్తం 256 స్థానాలు. వాటిలోనూ కొన్ని నియంత్రణ సంకేతాలకు పోతాయి. గుణింతాలు, ఒత్తులు కలిపితే వేలకు చేరే తెలుగు అక్షరరూపాలను ఆ కొద్ది స్థానాల్లో ఇమడ్చడానికి ఫాంటు రూపకర్తలు అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు లేని మొండెం ఒకచోట, గుడి ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు మరొకచోట. ఇంగ్లీషు అక్షరాలకు ఉద్దేశించిన స్థానాల్లోనే ఈ ముక్కలు కూర్చున్నాయి. అను గ్రాఫిక్స్ వారి అను ఫాంట్లు, పుణేకు చెందిన మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి ఈ మార్గంలోనే తెలుగు ముద్రణలో విస్తృతంగా వ్యాపించాయి. సీసపు అక్షరాల కేసులో గడులు ఎలాగో, ఈ ఫాంట్లలో స్థానాలు అలాగ. కంపోజిటరుకు ఈ తర్కం కొత్తగా తోచి ఉండదు.

ఒక ఫాంటులో కూర్చిన ఫైలును మరొక ఫాంటుతో తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుస కనిపిస్తుంది. ఒకే ఫాంటు రెండు కూర్పుల మధ్య ఒక్క ముక్క స్థానం మారినా ఒత్తు తప్పిపోతుంది. కనుక డి.టి.పి. కేంద్రంలో రెండో కంప్యూటరు వచ్చిన రోజే ఫాంటు నిర్వహణ అనే సమస్య కూడా వచ్చింది. అన్ని యంత్రాల్లోనూ ఒకే కూర్పు ఫాంట్లు ఉండాలి, కీబోర్డు అమరిక ఒకటే కావాలి. ఈ రెండోది అంత సులభం కాదు. ఒకరి చేతులకు 'ఆపిల్' అమరిక అలవాటు, మరొకరికి 'మాడ్యులర్', టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చినవారికి టైపురైటరు అమరిక. పనివారు మారినప్పుడల్లా అమరిక మారేది.

నెట్‌వర్కు చరిత్ర కూడా ఇలాంటి చిన్న అవసరాల నుంచి మొదలయింది. లేజర్ ప్రింటరు ఖరీదైనది, ఒక్కటే ఉండేది. మొదట రెండు కంప్యూటర్ల తీగలను ఒక పెట్టెకు కలిపి, మీట తిప్పి ఎవరి వంతు వారు ముద్రించుకునేవారు. లేకుంటే 1.44 మెగాబైట్ల ఫ్లాపీ చేతులు మారేది. 1990లలో వరుసగా యంత్రాలను ఒకే కో-ఆక్సియల్ తీగకు తగిలించే నెట్‌వర్కు వచ్చింది. తీగ రెండు కొసల్లోనూ 50 ఓమ్‌ల టర్మినేటరు ఉండాలి. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఒక కలుపు ఊడినా గదిలోని నెట్‌వర్కు మొత్తం ఆగిపోయేది. ఏ కలుపు దగ్గర తెగిందో ఒక్కొక్కటే విప్పి చూడవలసి వచ్చేది. తరువాత హబ్బు, దాని తరువాత స్విచ్చి వచ్చి ఒక తీగ తెగితే ఒక్క యంత్రమే ఆగే స్థితి ఏర్పడింది. ఈ పనులకు వేరే నిపుణుడు ఉండేవాడు కాదు. కూర్పు చేసే మనిషే తీగ సరిచేసేవాడు, వైరస్ తుడిచేవాడు, యు.పి.ఎస్. బ్యాటరీ మార్పించేవాడు. చేతకానప్పుడు యంత్రాన్ని సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోటికి మోసుకుపోయేవాడు.

ఫైళ్ల పేర్ల విషయం ప్రత్యేకంగా పేర్కొనదగినది. డాస్ పద్ధతిలో ఫైలు పేరుకు ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలకు మించి చోటు లేదు. ఆ ఎనిమిదిలో గ్రంథం పేరు ఇమడదు, ఇమిడినా డి.టి.పి. కేంద్రానికి దానితో పని లేదు. పని తెచ్చిన మనిషి పేరు, దాని పక్కన ఒక అంకె వేసేవారు. రచయిత పేరుతో కాక పుస్తకాన్ని మోసుకువచ్చిన మిత్రుడి పేరుతో, లేదా బాకీ ఉన్న ప్రచురణకర్త పేరుతో ఫైలు ఉండడం ఈ పద్ధతికి సహజ ఫలితం. నేడు పాత డిస్కు ఒకటి దొరికినా అందులో ఏ గ్రంథం ఉందో పేరును బట్టి తెలియదు. పేజ్‌మేకర్ 6.5 ఫైళ్లకు ఒక పొడిగింపు, 2001 నాటి 7.0కు మరొక పొడిగింపు ఉన్నందువల్ల కాలాన్ని మాత్రం కొంతవరకు ఊహించవచ్చు.

ఇక భద్రత. అచ్చు విప్పే అలవాటు ఇక్కడ కొత్త రూపంలో కొనసాగింది. డిస్కులో చోటు విలువైనది. పుస్తకం విడుదలయి డబ్బు ముట్టాక ఆ ఫైలు కేంద్రానికి భారమే. ప్రచురణకర్త ట్రేసింగులనో నెగెటివులనో తీసుకుపోయేవాడు గాని ఫైలు అడిగే అలవాటు తక్కువ. అడిగినా ఆ ఫాంటు, ఆ సాఫ్ట్‌వేరు లేకుండా ఇంట్లో దాన్ని తెరవలేడు. ఫ్లాపీల మీద దాచినవి బూజు, తేమ పాలయ్యాయి. కేంద్రం మూతబడితే డిస్కు తుడిచి యంత్రాన్ని అమ్మేవారు. ఇందులో నిర్లక్ష్యం ఉందనడం న్యాయం కాదు. ముద్రణాలయం నుంచి ఏ సంస్థా, ఏ గ్రంథాలయమూ, ఏ విశ్వవిద్యాలయమూ కోరని బాధ్యతను నెల గడవడమే కష్టమైన చిన్న వ్యాపారి మోయాలని ఆశించలేం. పన్నుల లెక్కలకు మాత్రం చట్టం అడిగేది. 2005 ఏప్రిల్ 1న విలువ ఆధారిత పన్ను అమలులోకి వచ్చాక చిన్న వ్యాపారాల్లో టాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేరు అవసరం పెరిగింది. బిల్లుల నకలు దాచుకోవలసి వచ్చిన కాలంలోనే కావ్యాల ఫైళ్లు తుడుచుకుపోయాయి.

మిగిలిన ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ప్రయత్నంలో పాఠసమస్యలు బయటపడతాయి. ఎనిమిది బిట్ల ఫాంటులో కంటికి సరిగ్గా కనిపిస్తే కూర్పు సరైనట్టే లెక్క. విసర్గ బదులు కోలన్ గుర్తు వేసినా పుటమీద తేడా అంతగా తెలియదు. కాని 'దుఃఖము' అని వెతికితే కోలన్‌తో కూర్చిన 'దు:ఖము' దొరకదు. అనుస్వారం చోట తెలుగు అంకె సున్న పడినా ఇదే గతి. మార్పిడి సాధనం పొల్లుకూ ఒత్తుకూ మధ్య తేడాను పట్టుకోలేకపోతే 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అవుతుంది. ఫాంటు ఇముడ్చుకున్న పి.డి.ఎఫ్. పరిస్థితి మరీ చిత్రమైనది. చూడడానికి నిర్దుష్టమైన తెలుగు, నకలు తీస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. అటువంటి పి.డి.ఎఫ్.లను భాండాగారంలో చేర్చి 'డిజిటలీకరణ పూర్తయింది' అని రాసుకోవడం పొరపాటు. పదప్రయోగ సూచికలు, నిఘంటు నిర్మాణం, శైలీ పరిశీలన వాటి మీద సాగవు.

ప్రాచీన కావ్యాల పునర్ముద్రణల్లో ఇంకొక పొర ఉంది. అరసున్నకు, శకటరేఫకు ఫాంటులో స్థానం ఉండవచ్చు, కాని వాటి మీటలు వేళ్లకు అలవాటైనవి కావు. పుటకు ఇంత అని కూలి లెక్కించే చోట ప్రతి అరసున్నా కొంత కాలాన్ని తినేస్తుంది. పరిష్కర్త పట్టుబట్టి ప్రూఫులు దిద్దితేనే అది నిలుస్తుంది. కనుక 1990ల తరువాతి పునర్ముద్రణలో అరసున్న లేకపోవడాన్ని సంపాదకుడి సిద్ధాంతంగా భావించే ముందు, అది కూర్పు బల్ల దగ్గర జరిగిన నిర్ణయమా అని ప్రశ్నించవలసి ఉంటుంది. యూనికోడ్ కూడా అన్నింటికీ మొదటి నుంచి సిద్ధంగా లేదు. దంత్య చ, జలను సూచించే ౘ, ౙలు 2008లో చేరాయి. నకారపొల్లుకు ప్రత్యేక స్థానం 2021లో గాని లభించలేదు.

2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ తెలుగుకు తొలి అడుగులు వేశాయి. తరువాత ప్రభుత్వం, సిలికానాంధ్ర కలిసి మరికొన్ని ఫాంట్లను ఉచితంగా అందించాయి. అయినా డి.టి.పి. కేంద్రాలు త్వరగా కదలలేదు. పేజ్‌మేకర్ చివరి కూర్పు వరకూ యూనికోడ్ తెలుగును కూర్చలేకపోయింది. ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులకు అధికారిక మద్దతు 2012 నాటి సి.ఎస్.6తో వచ్చింది. కొత్త సాఫ్ట్‌వేరుకు కొత్త యంత్రం కావాలి, కొత్త అమరిక నేర్చుకోవాలి, పాత ఫైళ్లన్నీ వదులుకోవాలి. చేతిలో ఉన్న అక్షర సౌందర్యం, వేగం ముందు ఈ బేరం గిట్టుబాటుగా తోచలేదు.

విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. 2017 మేలో వాన్నాక్రై దాడి పాత ఫైలు పంపిణీ పద్ధతిలోని లోపాన్ని వాడుకుని నెట్‌వర్కుల గుండా వ్యాపించినప్పుడు, మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ సవరణ విడుదల చేయవలసి వచ్చింది. ఈ ప్రమాదానికి డి.టి.పి. కేంద్రాలకు తెలిసిన విరుగుడు ఒకటే. పాత ఫాంట్లు, పేజ్‌మేకర్ ఉన్న యంత్రాన్ని నెట్‌వర్కు తీగ తీసేసి గది మూలన విడిగా ఉంచుతారు. పాత పుస్తకం రెండో ముద్రణకు వచ్చినప్పుడు మాత్రమే దాన్ని తెరుస్తారు. దాని డిస్కులో ఏముందో తెలిసిన మనిషి సాధారణంగా ఒక్కడే ఉంటాడు. ప్రచురణ వివరాల పుటలో 'డి.టి.పి.' ఎదుట అచ్చయింది అతని పేరే.