స్నానమే ప్రమాదమైన రోజులు: నెలలు నిండని బిడ్డ చర్మం కథ

బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఎన్ఐసీయూలో ఉంటే, బయట కూర్చున్న అమ్మమ్మ అడిగే మాట ఒకటుంటుంది. "స్నానం ఎప్పుడు పోస్తారు? నూనె ఎప్పుడు రాస్తారు?" సిస్టరేమో "ఇప్పుడే వద్దమ్మా" అంటుంది. ఎందుకు వద్దు? ఆ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది. ఈరోజు అదే చెప్తాను.

ముందు చర్మం సంగతి చూద్దాం. నెలలు నిండిన బిడ్డకి చర్మం పైభాగంలో పదికి పైగా గట్టి పొరలుంటాయి. ఏడో నెలకే పుట్టేసిన బిడ్డకి రెండు మూడే ఉండొచ్చు. అంటే అది గోడ కాదు, సగం తెరిచిన తలుపు. ఒంట్లో నీరు బయటికి పోతుంది, పైన రాసింది లోపలికి పోతుంది.

1950, 60ల్లో అమెరికా ఆసుపత్రుల్లో స్టాఫ్ అనే బ్యాక్టీరియా పసిపిల్లల వార్డుల్ని వణికించింది. డాక్టర్లు 3 శాతం హెక్సాక్లోరోఫీన్ ఉన్న మందుతో పిల్లలకి స్నానం చేయించారు. ఇన్ఫెక్షన్లు నిజంగానే తగ్గాయి. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

1971లో ఎలుకల మీద చేసిన పరీక్షల్లో ఆ మందు మెదడుని దెబ్బతీస్తోందని తేలింది. డిసెంబర్‌లో ఎఫ్‌డీఏ ఈ స్నానాలు వద్దంది. ఆపేశాక కొన్ని ఆసుపత్రుల్లో స్టాఫ్ మళ్లీ వచ్చింది! ఆపడం తప్పా ఒప్పా అని వాదనలు మొదలయ్యాయి.

1972లో ఫ్రాన్స్‌లో ఘోరం జరిగింది. తయారీలో పొరపాటు వల్ల మొరాంజ్ అనే బేబీ పౌడర్‌లో ఇదే మందు 6 శాతం దాకా కలిసింది. 36 మంది పిల్లలు చనిపోయారు. ఆ సెప్టెంబర్‌లో అమెరికా ఈ మందుని డాక్టర్ చీటీ ఉంటేనే ఇవ్వాలంది. తర్వాత, ఈ స్నానాలు చేయించిన నెలలు నిండని పిల్లల్లో చనిపోయినవాళ్ల మెదళ్లని పరీక్షిస్తే అదే రకం దెబ్బ కనిపించింది. బిడ్డ ఎంత చిన్నదైతే, స్నానాలు ఎన్ని ఎక్కువైతే, దెబ్బ అంత ఎక్కువ.

మరి నూనె? 2005లో ఢాకా పరిశోధన ఒకటి వచ్చింది. ఆసుపత్రిలో పొద్దుతిరుగుడు నూనె రాసిన నెలలు నిండని పిల్లల్లో ఇన్ఫెక్షన్లు 41 శాతం తగ్గాయి. మన అమ్మమ్మలు గెలిచినట్టేనా? ఆగండి. అంతకు ముందే, 2004లో, అమెరికాలో మరీ చిన్న పిల్లలకి ఆయింట్‌మెంట్ రాస్తే కొన్ని ఇన్ఫెక్షన్లు పెరిగాయి. ఏది రాశాం, ఏ బిడ్డకి, ఎక్కడ అన్నదాన్ని బట్టే ఫలితం.

అందుకే ఇవాళ సిస్టర్లు చేతులు బాగా కడుక్కుంటారు, ఇంక్యుబేటర్‌లో తేమ ఉంచుతారు, ప్లాస్టర్ మెల్లగా తీస్తారు, స్నానాలు తగ్గిస్తారు. డాక్టర్ సరే అంటే బిడ్డని అమ్మ గుండెకి ఆనించి పడుకోబెడతారు.

మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే నూనె, పౌడర్, సబ్బు ఏదైనా సరే, డాక్టర్‌ని అడక్కుండా రాయొద్దు. ఈ వీడియో ముందు మీ అమ్మమ్మకి చూపించండి. ఉంటాను!