వాహక పాలిమర్ల డోపింగ్

కరెంటు పారని ప్లాస్టిక్‌కు తగిన రసాయనం కలిపి దాన్ని విద్యుద్వాహకంగా మార్చే ప్రక్రియను వాహక పాలిమర్ల డోపింగ్ అంటారు. ఇది అన్ని ప్లాస్టిక్‌లకూ పనికిరాదు. క్యారీబ్యాగుల్లో వాడే పాలిథీన్‌ను అయోడిన్‌లో ఎంతసేపు నానబెట్టినా లోహంలా మారదు. కార్బన్ గొలుసులో ఒక ద్విబంధం, ఒక ఏకబంధం వంతులవారీగా వచ్చే సంయుగ్మ పాలిమర్లకే ఈ గుణం ఉంది. పాలీఅసిటిలీన్, పాలీఅనిలీన్, పాలీపిర్రోల్, పాలీథయోఫీన్, పెడాట్ ఈ కోవలోవి. ఈ పాలిమర్లను కనుగొని అభివృద్ధి చేసినందుకు హిడెకి షిరకావా, అలన్ మాక్‌డయార్మిడ్, అలన్ హీగర్‌లకు 2000లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది.

ఈ రంగం గురించి రాసేవాళ్లు తరచుగా వాహకత అంకెలతోనే కథంతా నడిపిస్తారు. ఆ అంకెలు ఆశ్చర్యపరిచేవే. కానీ అంకెల్లో ముందు నిలిచిన పాలీఅసిటిలీన్ ప్రయోగశాల గడప దాటలేదు. మొదట్లో దానికి చాలా వెనకబడిన పెడాట్ నేడు కంప్యూటర్ల మదర్‌బోర్డుల్లోకి చేరింది. ఒక పదార్థం భవితవ్యాన్ని తేల్చడంలో వాహకతకు ఎంత పాత్ర ఉందో, గాలికి నిలవడానికీ పూతగా పూయడానికి వీలవడానికీ అంతకన్నా ఎక్కువే ఉంది.

డోపింగ్ చేసే పని

ఒక పదార్థం వాహకత రెండు విషయాల మీద ఆధారపడుతుంది. స్వేచ్ఛగా కదలగల ఆవేశ వాహకాలు ఎన్ని ఉన్నాయన్నది ఒకటి, అవి ఎంత సులువుగా కదులుతాయన్నది రెండోది. ఈ రెంటి లబ్ధమే వాహకత. డోపింగ్ ప్రధానంగా మొదటిదాన్ని పెంచుతుంది.

సిలికాన్‌లో ఇది అందరూ పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నదే. ఒక ఘన సెంటీమీటరు సిలికాన్‌లో సుమారు 5×10²² పరమాణువులుంటాయి. గది ఉష్ణోగ్రత దగ్గర శుద్ధ సిలికాన్‌లో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు దాదాపు 10¹⁰ మాత్రమే. 5 కోట్ల సిలికాన్ పరమాణువులకు ఒక్క ఫాస్ఫరస్ పరమాణువును చేరిస్తే చాలు, ఆ సంఖ్య లక్ష రెట్లు అవుతుంది. ఫాస్ఫరస్ పరమాణువు స్ఫటికంలో సిలికాన్ స్థానాన్నే ఆక్రమించి, తన దగ్గర మిగిలిన ఎలక్ట్రాన్‌ను వదిలేస్తుంది. బోరాన్ చేరిస్తే ఎలక్ట్రాన్ కొరత, అంటే హోల్, ఏర్పడుతుంది.

పాలిమర్‌లో పరిస్థితి వేరు. ఇక్కడ కలిపే రసాయనం, అంటే డోపెంట్, ఎవరి స్థానాన్నీ ఆక్రమించదు. గొలుసు నుంచి ఎలక్ట్రాన్ లాక్కుని లేదా గొలుసుకు ఎలక్ట్రాన్ ఇచ్చి, తాను అయాన్‌గా మారి గొలుసుల మధ్య ఖాళీల్లో నిలబడిపోతుంది. అంటే ఇది ఒక ఆక్సీకరణ-క్షయకరణ చర్య. మోతాదు కూడా కోట్లలో ఒక వంతు కాదు. పెడాట్‌లో ప్రతి మూడు యూనిట్లకు దాదాపు ఒక ధనావేశం చొప్పున ఉంటుంది. ఇంత మోతాదులో చేరేదాన్ని మలినం అనడం కన్నా పదార్థంలో భాగం అనడమే సబబు. ఇంకో తేడా: సిలికాన్‌లో ఒకసారి చేరిన బోరాన్‌ను బయటికి తీయలేం. పాలిమర్‌ను ఎలక్ట్రోలైట్‌లో ముంచి వోల్టేజి మార్చితే డోపింగ్ చేయవచ్చు, తీసేయవచ్చు, మళ్లీ చేయవచ్చు.

డోప్ చేయని పాలీఅసిటిలీన్ ఎందుకు లోహం కాదన్నది సహజంగా వచ్చే ప్రశ్న. గొలుసులోని బంధాలన్నీ సమానమైన పొడవులో ఉంటే అది లోహంలాగే ప్రవర్తించేది. అయితే అలాంటి ఏకమితీయ గొలుసు స్థిరంగా ఉండలేదనీ, ఒక బంధం పొట్టిగా, పక్కది పొడుగ్గా సర్దుకుని శక్తిని తగ్గించుకుంటుందనీ రుడాల్ఫ్ పీయర్ల్స్ సిద్ధాంతం చెబుతుంది. ఆ సర్దుబాటు వల్ల సుమారు 1.5 ఎలక్ట్రాన్ వోల్టుల నిషిద్ధ శక్తి అంతరం ఏర్పడి, పదార్థం అర్ధవాహకంగా మిగిలిపోతుంది. డోపెంట్ ఒక ఎలక్ట్రాన్‌ను లాగేసినప్పుడు గొలుసులో ద్విబంధ, ఏకబంధాల వరస ఒకచోట తప్పుతుంది. ఆ తప్పిన చోటు ఆవేశాన్ని మోసుకుంటూ గొలుసు వెంట కదలగలదు. దీనికి సాలిటాన్ అని పేరు. 1979లో సు, ష్రీఫర్, హీగర్‌లు ఈ నమూనాను ప్రతిపాదించారు. ఇందులోని ష్రీఫర్, అతివాహకత సిద్ధాంతానికి 1972లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న జాన్ రాబర్ట్ ష్రీఫరే. పాలీథయోఫీన్, పాలీపిర్రోల్ వంటి వాటిలో సాలిటాన్లకు బదులు పోలరాన్లు, బైపోలరాన్లు ఆవేశాన్ని మోస్తాయి.

చరిత్ర

నోబెల్ కథ 1970లలో మొదలైనట్టు కనిపించినా, దీని మూలాలు అంతకు వందేళ్ల ముందువి. 1862లో లండన్‌లో హెన్రీ లెథెబీ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో అనిలీన్‌ను విద్యుత్తుతో ఆక్సీకరించి, రంగులు మారే ఒక పదార్థాన్ని ఎలక్ట్రోడు మీద పొందాడు. నేటి లెక్కన అది పాలీఅనిలీనే. 1963లో ఆస్ట్రేలియాలో డొనాల్డ్ వైస్ బృందం, అయోడిన్ ఉన్న పాలీపిర్రోల్ మంచి వాహకమని ప్రచురించింది. ఆ పత్రాలను అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నోబెల్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా వైస్ పేరు చెప్పకుండా వదిలేయడం అన్యాయమే.

పాలీఅసిటిలీన్‌ను 1958లో జూలియో నట్టా తయారుచేశాడు. అది కరగని, కొలవడానికి వీలుకాని నల్లటి పొడి. 1967లో టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో షిరకావా దగ్గర పనిచేస్తున్న ఒక విదేశీ పరిశోధకుడు, ఉత్ప్రేరకాన్ని కావలసినదానికన్నా దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువ వేశాడు. పొడికి బదులు ద్రావణం ఉపరితలం మీద పొర కట్టింది. షిరకావా దాన్ని పారేయకుండా, పొర ఎలా ఏర్పడిందో పట్టుకుని పద్ధతిని మెరుగుపరిచాడు. తక్కువ ఉష్ణోగ్రతలో చేసిన సిస్ రకం పొర రాగి రంగులో, ఎక్కువ ఉష్ణోగ్రతలో చేసిన ట్రాన్స్ రకం వెండిలా మెరిసేది. చూడటానికి లోహంలా ఉన్నా విద్యుత్తును మాత్రం అంతంతమాత్రంగానే మోసేది.

న్యూజీలాండ్‌లో పుట్టి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మాక్‌డయార్మిడ్ అప్పటికే బంగారు రంగులో మెరిసే గంధకం-నైట్రోజన్ పాలిమర్ మీద హీగర్‌తో కలిసి పరిశోధిస్తున్నాడు. 1975లో టోక్యో వెళ్లినప్పుడు షిరకావా వెండి పొరను చూసి, ఆయన్ను ఫిలడెల్ఫియాకు ఆహ్వానించాడు. 1976 నవంబర్ 23న షిరకావా, హీగర్ దగ్గరి పరిశోధకుడు సి.కె. చియాంగ్‌తో కలిసి ట్రాన్స్ పొరకు నాలుగు తీగలు అమర్చి, దాని మీదికి బ్రోమిన్ ఆవిరి పంపారు. నిమిషాల్లోనే వాహకత కోటి రెట్లు పెరిగింది. బ్రోమిన్ స్థానంలో అయోడిన్, ఆర్సెనిక్ పెంటాఫ్లోరైడ్ వాడి ఇంకా మంచి ఫలితాలు సాధించారు. 1977లో పత్రం వెలువడింది. తర్వాత 1980లలో బీఏఎస్ఎఫ్ కంపెనీ పరిశోధకులు లోపాలు తక్కువున్న పాలీఅసిటిలీన్‌ను సాగదీసి, అయోడిన్‌తో డోప్ చేసి, సెంటీమీటరుకు లక్ష సీమెన్స్ దాటించారు. రాగి వాహకత సుమారు 6 లక్షలు.

పాలీఅసిటిలీన్ ప్రస్థానం అక్కడితో ఆగింది. గాలిలోని ఆక్సిజన్ దాని ద్విబంధాల మీద దాడిచేస్తుంది. పొర పెళుసెక్కుతుంది, వాహకత పడిపోతుంది. అది ఏ ద్రావణిలోనూ కరగదు, వేడిచేస్తే కరిగి పోత పోయడానికీ రాదు. ఇలాంటి దానితో వస్తువులు తయారుచేయడం కుదరలేదు.

పాలీఅనిలీన్: ఆమ్లంతో డోపింగ్

పాలీఅనిలీన్ చవక. తయారీకి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మంచుగడ్డల మధ్య పెట్టిన బీకరులో అనిలీన్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి, అమ్మోనియం పర్‌సల్ఫేట్ ద్రావణాన్ని కొద్దికొద్దిగా పోస్తారు. కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత నీలం రంగు కనిపించి, ముదురుతూ, చివరికి ముదురాకుపచ్చ పొడి అడుగున చేరుతుంది. ఆ ఆకుపచ్చ పొడి, అంటే ఎమరాల్డిన్ లవణం, సెంటీమీటరుకు 1 నుంచి 5 సీమెన్స్ వాహకత చూపుతుంది. దాన్ని అమ్మోనియా నీళ్లతో కడిగితే నీలంగా మారి ఇన్సులేటర్ అవుతుంది. మళ్లీ ఆమ్లం తగిలితే ఆకుపచ్చ తిరిగొస్తుంది, వాహకతా వస్తుంది.

ఇక్కడి విశేషం, డోపింగ్‌లో గొలుసు ఎలక్ట్రాన్ల సంఖ్య మారదు. ఆమ్లంలోని ప్రోటాన్ నైట్రోజన్‌కు అతుక్కోగా, ఉన్న ఎలక్ట్రాన్లే కొత్త అమరికలోకి సర్దుకుంటాయి. మాక్‌డయార్మిడ్ 1980లలో దీన్ని వివరంగా అధ్యయనం చేశాడు. రంగు, వాహకత రెండూ ఒకేసారి మారే ఈ గుణం వల్ల పాలీఅనిలీన్‌ను అమ్మోనియా సెన్సర్లలో, తుప్పు నివారణ పూతల్లో వాడుతున్నారు. జపాన్‌లో బ్రిడ్జ్‌స్టోన్, సీకో కంపెనీలు 1987లో పాలీఅనిలీన్-లిథియం బటన్ సెల్‌ను మార్కెట్లోకి తెచ్చాయి. హైదరాబాద్‌లోని ఐఐసీటీ పరిశోధన సంస్థలోనూ పాలీఅనిలీన్ లవణాల మీద పరిశోధనలు జరిగాయి.

పెడాట్, రెండో దశ డోపింగ్

1980ల చివర్లో జర్మనీలోని బేయర్ కంపెనీ పెడాట్‌ను రూపొందించింది. ఇది కూడా ఒంటరిగా కరగదు. దాన్ని పాలీస్టైరీన్ సల్ఫోనిక్ ఆమ్లం (పీఎస్ఎస్) సమక్షంలో నీళ్లలోనే తయారుచేయడం కీలకమైన మలుపు. పీఎస్ఎస్ ఒకేసారి రెండు పనులు చేస్తుంది: పెడాట్ ధనావేశానికి జోడీ అయాన్‌గా ఉంటుంది, దాన్ని నీళ్లలో తేలేలా పట్టి ఉంచుతుంది. చేతికొచ్చేది ముదురు నీలం ద్రవం. ఇంక్‌లా అచ్చు వేయవచ్చు, పూతగా పూయవచ్చు. పల్చని పొరగా ఆరితే దాదాపు పారదర్శకంగా ఉంటుంది. దీని మొదటి పెద్ద వినియోగదారు ఆగ్ఫా. స్థిరవిద్యుత్ నిప్పురవ్వలు ఫొటోఫిల్మ్ మీద మచ్చలు వేయకుండా ఈ పూత కాపాడేది. ఆ పనికి గొప్ప వాహకత అవసరం లేదు, ఆవేశం పోగుపడకుండా జారిపోతే చాలు.

చిక్కల్లా పీఎస్ఎస్‌తోనే. అది ఇన్సులేటర్, పైగా బరువులో పెడాట్‌కు రెండున్నర రెట్లు లేదా ఇంకా ఎక్కువ ఉంటుంది. ఆరిన పొరలో పెడాట్ రేణువుల చుట్టూ పీఎస్ఎస్ తొడుగులా మిగులుతుంది. అందుకే పొర వాహకత సాధారణంగా 1 సీమెన్స్ దగ్గరో అంతకన్నా తక్కువగానో ఆగిపోయేది. ద్రవంలో సుమారు 5 శాతం డైమిథైల్ సల్ఫాక్సైడ్ గానీ, కారు రేడియేటర్ కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ గానీ కలిపితే అదే పొర వందల సీమెన్స్‌కు చేరుతుంది. ఈ ద్రావకాలు కొత్తగా ఆవేశాలను పుట్టించవు. పెడాట్, పీఎస్ఎస్‌లను కొంత విడదీసి, పెడాట్ గొలుసులు నిటారుగా సాగి ఒకదానిపై ఒకటి సర్దుకునేలా చేస్తాయి. అంటే వాహకాల సంఖ్య పెద్దగా మారకుండా వాటి కదలిక పెరుగుతుంది. దీన్నే రెండో దశ డోపింగ్ అంటున్నారు. పాలీఅనిలీన్‌లో కూడా క్యాంఫర్ సల్ఫోనిక్ ఆమ్లం, మెటా-క్రెసాల్ జంటతో ఇదే తరహా ఫలితం వస్తుంది.

ఆ దారిలో అన్నిటికన్నా ముందుకెళ్లిన పద్ధతి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడగడం. అది పీఎస్ఎస్‌లో చాలా భాగాన్ని బయటికి తోసి, మిగిలిన పెడాట్‌ను స్ఫటికాల్లా పేరుస్తుంది. 2012లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలా 3,000 సీమెన్స్ దాటగా, 2014లో మరో బృందం గాఢ ఆమ్లంతో 4,380 సాధించింది. అయితే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ప్లాస్టిక్ షీట్ మీద పోయడం ఫ్యాక్టరీలో తేలిక వ్యవహారం కాదు. రికార్డు అంకెకూ అమ్ముడయ్యే సరుకుకూ మధ్య ఎడం ఇక్కడే కనిపిస్తుంది.

ఉపయోగాలు, పరిమితులు

పెడాట్ నేడు ఎక్కువగా కనిపించేది పాలిమర్ కెపాసిటర్లలో. టాంటలం కెపాసిటర్లలో మాంగనీస్ డయాక్సైడ్ చోట పెడాట్ వాడితే అంతర్గత నిరోధం తగ్గుతుంది. ఓఎల్ఈడీల్లో హోల్స్ ప్రవేశపెట్టే పొరగా, స్థిరవిద్యుత్ నిరోధక ప్యాకింగ్‌లో కూడా వాడుతున్నారు. మెదడులో అమర్చే ఎలక్ట్రోడ్లకు పెడాట్ పూస్తే అవి నాడీకణాల సంకేతాలను తక్కువ అవరోధంతో గ్రహిస్తాయి. ఎలక్ట్రాన్లతో పాటు అయాన్లనూ మోయగల పదార్థం కావడం దీనికి కారణం. అయాన్లు చొరబడితే డోపింగ్ మారి కరెంటు మారే గుణాన్ని ఉపయోగించి, 1984లో మార్క్ రైటన్ బృందం పాలీపిర్రోల్‌తో ట్రాన్సిస్టర్ చేసింది. శరీర ద్రవాల్లో పనిచేసే సెన్సర్లు ఇదే సూత్రం మీద వస్తున్నాయి.

టచ్ స్క్రీన్లలో మాత్రం టిన్ చేర్చిన ఇండియం ఆక్సైడ్‌ను పెడాట్ ఇంకా తోసేయలేకపోయింది. ఆ ఆక్సైడ్ వాహకత 10,000 సీమెన్స్ దరిదాపుల్లో ఉంటుంది. అది వంచితే పగులుతుంది, పెడాట్ వంగుతుంది. అందువల్ల మడిచే తెరలు, చర్మానికి అంటించే పట్టీల వైపే పాలిమర్‌కు అవకాశం. పీఎస్ఎస్ ఆమ్లత్వం పక్కనున్న పొరలను కొరకడం, తేమను పీల్చుకోవడం పెడాట్‌కు ఉన్న పెద్ద బలహీనతలు.

ఎలక్ట్రాన్లను తీసే పి-రకం డోపింగ్‌తో పోలిస్తే, ఎలక్ట్రాన్లను ఇచ్చే ఎన్-రకం డోపింగ్ చాలా కష్టం. అలా చేరిన ఎలక్ట్రాన్లను గాలిలోని ఆక్సిజన్, నీటి ఆవిరి లాగేసుకుంటాయి. దశాబ్దాల పాటు ఎన్-రకం పాలిమర్లు కొన్ని సీమెన్స్ దాటడానికే కష్టపడ్డాయి. 2022లో చైనాలోని సౌత్ చైనా యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు ప్రచురించిన ఎన్-రకం పాలిమర్ 2,000 సీమెన్స్ దాటింది. అది ద్రావణం నుంచి పూతగా పూయడానికి కూడా పనికొస్తుంది. ఒకే సర్క్యూట్‌లో రెండు రకాల పాలిమర్లూ కావాలంటే పెడాట్‌కు దీటైన ఇలాంటి జోడీ తప్పనిసరి. మార్కెట్లో దొరికే వాహక పాలిమర్లలో అత్యధికం నేటికీ పి-రకానివే.