మొదటి మజిలీ రామాయంపేట

మెదక్ నుంచి రామాయంపేట సుమారు ఇరవై కిలోమీటర్లే. బస్సెక్కి కునుకు తీద్దామనుకునేలోపు దిగాల్సి వస్తుంది. రెండు వందల ఏళ్ల కింద మాత్రం అది ఒక పూట కాదు, మూటా ముల్లెతో ఒక రోజు నడక.

హైదరాబాదు నుంచి నాగపూరు మీదుగా ఉత్తరాదికి పోయే పాతబాట మెదక్ పట్నాన్ని తాకదు. ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి వైపునే, రామాయంపేట, కామారెడ్డి, నిర్మల్ మీదుగా సాగిపోతుంది. ఖిల్లా కింద కాపురమున్న మెదక్ మనిషి కాశీకి పోదలిస్తే ముందు ఆ బాట దాకా నడవాలి. కొత్త చెప్పు ఎక్కడ కరుస్తుందో, ఏ మూట అనవసరంగా మోస్తున్నాడో ఆ మొదటి రోజే తేలిపోయి ఉండాలి. మరిచిపోయిన దానికోసం మనిషిని వెనక్కి పంపినా మర్నాటికల్లా తిరిగొస్తాడు. నాగపూరు చేరాక చెంబు గుర్తొస్తే చేసేదేముంది?

ఇవాళ హిమాలయాల్లో వారాల తరబడి నడవబోయేవాళ్లు, అంతకుముందే నిండు సంచి భుజాన వేసుకుని రెండు రోజులు ఎక్కడికైనా నడిచి చూసుకుంటారు. ట్రెక్కింగ్ క్లబ్బులు దీన్ని తప్పనిసరి పాఠంలా చెబుతాయి. మన పెద్దలకు ఆ పాఠం విడిగా అక్కర్లేకపోయింది. వాళ్లు బయల్దేరే తీరులోనే అది కలిసిపోయి ఉండేది.

ప్రస్థానం పెట్టే ఆచారమే చూడండి. ముహూర్తం ఒకనాడు, ప్రయాణం మరొకనాడు అయినప్పుడు బట్టల మూటో, పసుపు బియ్యమో ముహూర్తం వేళకు తీసుకెళ్లి పొరుగింట్లోనో ఊరి చివర గుళ్లోనో ఉంచేవారు. శాస్త్రం దృష్టిలో ప్రయాణం మొదలైనట్టే, మనిషి మాత్రం ఇంకా ఇంట్లోనే. ఈ ఆచారాన్ని తిథి వార నక్షత్రాల లెక్కగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. మూట కట్టడం అయిపోయాక కాలు కదిలేలోపు దొరికిన ఆ ఒకటి రెండు రోజులు ఇంటివాళ్లకు ఎంత పనికొచ్చి ఉంటాయో ఊహించడం కష్టం కాదు.

ఏనుగుల వీరాస్వామయ్య యాత్ర దీనికి మంచి ఉదాహరణ. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఈయన 1830 మే 18 రాత్రి కాశీయాత్రకు బయల్దేరి, నేరుగా దూరపు దారి పట్టలేదు. ముందు తండయారువీడులోని సొంత తోటకు చేరి, ఆ తర్వాతే ముందుకు సాగాడు. వెంట పల్లకీలు, బోయీలు, డేరాలు, వంద మంది దాకా పరివారం. ఆ సంత సరిగా నడుస్తుందో లేదో తిరుపతి దారిలో కాక సొంత తోటలో తేల్చుకోవడమే తెలివైన పని. శ్రీశైలం, హైదరాబాదు మీదుగా వచ్చి ఇదే నాగపూరు బాట పట్టి ఉత్తరాదికి పోయాడు. 1831 సెప్టెంబరులో మళ్లీ మద్రాసు చేరాడు. పదిహేను నెలలకు పైబడిన ప్రయాణం అది. ఆయన వర్తమానాలతో కూర్చిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది.

పాదుషాలూ ఇదే పద్ధతి పాటించారు. 1664 డిసెంబరులో ఔరంగజేబు ఢిల్లీ నుంచి కాశ్మీరు బాట పట్టినప్పుడు, ఫ్రెంచి వైద్యుడు బెర్నియే ఆ దండుతోనే ఉన్నాడు. ఢిల్లీకి దగ్గర్లోని షాలిమార్ తోటలో పాదుషా ఆరు రోజులు ఆగిపోయాడనీ, అందరూ దూరప్రయాణానికి సిద్ధం కావడానికే ఆ విరామమనీ ఆయన రాశాడు.

రైలు ఈ అలవాటును కొట్టేసింది. 1900 ప్రాంతంలో సికింద్రాబాదు నుంచి మన్మాడు దాకా పడిన గోదావరి లోయ లైను మెదక్ పట్నాన్ని పక్కనబెట్టి అక్కన్నపేట మీదుగా పోయింది. దూరం వెళ్లేవాళ్లు స్టేషను దాకా ఏదో రకంగా చేరితే చాలు, తక్కిన భారం బండిది. మెదక్ పట్నంలోకి రైలు రావడానికి మాత్రం 2022 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. అక్కన్నపేట నుంచి పదిహేడు కిలోమీటర్ల లైను అది.

అయినా ముందుగా ఒంటిని మలుచుకునే పద్ధతి ఒకచోట నిలిచింది. కార్తీకంలో మెదక్ వీధుల్లో నల్లబట్టలతో, చెప్పుల్లేకుండా తిరిగే అయ్యప్ప స్వాముల్ని చూస్తే తెలుస్తుంది. నలభై ఒక్క రోజులు తెల్లవారుజామున చన్నీళ్లు, నేలపడక, ఒంటిపూట భోజనం. ఇదంతా వ్యాయామమంటే స్వాములు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. కానీ ఎరుమేలి నుంచి కరిమల ఎక్కి శబరిమలకు పోయే అడవిదారిలో మెత్తటి పాదానికీ, దీక్షలో మొద్దుబారిన పాదానికీ తేడా ఉంటుంది. కేరళ ఆరోగ్యశాఖ కూడా కొండ ఎక్కబోయేవారు కొన్నాళ్ల ముందు నుంచే నడక అలవాటు చేసుకోవాలని చెబుతోంది.

అసలు సిసలు సాధన చూడాలంటే భువనగిరి గుట్టకు పోవాలి. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లల్లోంచి ఎంపికైనవారికి మొదట ఆ ఏకశిల మీద తాళ్లు పట్టడం నేర్పారు. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడాఖ్ చలి. ఒక్కో మెట్టు దగ్గర గుంపు పలచబడుతూ చివరికి ఇద్దరు మిగిలారు. కోచ్ శేఖర్ బాబు బాచినేపల్లి, అప్పట్లో గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ పనికి వెన్ను కాచారు.

ఇంత వరుస పాటించకుండా బయల్దేరినవాళ్ల సంగతి అమెరికాలో కనిపిస్తుంది. అపలాచియన్ ట్రెయిల్‌లో జార్జియా కొస నుంచి యాభై కిలోమీటర్లు నడిచేసరికి నీల్స్ గ్యాప్ అనే కనుమ దగ్గర ఒక దుకాణం వస్తుంది. అక్కడివాళ్లు సంచులు విప్పించి, అక్కర్లేని సామాను ఇళ్లకు పార్సిల్ చేయిస్తారు.

మెదక్ కుర్రాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు. పాత కాశీబాట మీద ఇప్పుడు లారీల హోరే గనుక అటు నడవమని ఎవరూ చెప్పరు. కానీ పట్నానికి పదిహేను కిలోమీటర్లలో పోచారం ఉంది. ఒకప్పుడు నిజాం వేటకు వాడిన అడవి, 1916–1922 మధ్య కట్టిన చెరువు. అభయారణ్యం కాబట్టి లోపలికి పోవాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాల్సిందే. అక్కడ ఎత్తులు లేవు, చలి లేదు. సంచి పట్టీ ఏ భుజం కోస్తుందో తెలియడానికి అవి అక్కర్లేదు. ఎత్తు కావాలనుకుంటే పట్నంలోనే ఖిల్లా ఉంది, సంచి దించకుండా గజద్వారం దాకా నాలుగుసార్లు ఎక్కి దిగితే సరి.